పొలీని, గూల్డ్, ఎమార్: పియానో పట్టుకున్న పిల్లకి ఏ దారి మేలు?

మా అక్క కూతురు హైదరాబాద్‌లో పియానో ఎనిమిదో గ్రేడ్ పూర్తి చేసింది. ఇక ఆపేసి చదువు మీద పడుతుందిలే అనుకున్నారు ఇంట్లో. పడలేదు. "మావయ్యా, నేను కచేరీలు చేసే పియానిస్ట్‌నవుతా. బాఖ్, బీతోవెనే కాదు, ఇప్పటివాళ్లు రాసింది కూడా వాయిస్తా" అంది. అక్క నన్ను పక్కకి పిలిచి ఒకటే మాట అడిగింది: "దాంతో బతకొచ్చా?"

నేను వాయించేవాణ్ణి కాదు, వినేవాణ్ణి. అందుకే జవాబు కోసం నేను ఏళ్లుగా వింటున్న ముగ్గురి బతుకుల్ని పక్కపక్కన పెట్టి చూశాను. ముగ్గురూ పాతదీ కొత్తదీ వాయించినవాళ్లే, కానీ నడిచిన దారులు వేరు.

మౌరిజియో పొలీని 1942లో మిలాన్‌లో పుట్టాడు. తండ్రి పేరున్న ఆర్కిటెక్ట్, మేనమామ ఫౌస్టో మెలొట్టి శిల్పి. కొత్తదాన్ని చూసి బెదిరే ఇల్లు కాదది. 1960లో, పద్దెనిమిదేళ్లకే, పోలండ్ రాజధాని వార్సాలో స్వరకర్త షోపాన్ పేరిట జరిగే పియానో పోటీలో మొదటి బహుమతి కొట్టాడు. ఇంకెవరైనా అయితే ఆ పేరు పట్టుకుని మర్నాటి నుంచే ఊరూరా తిరిగేవాళ్లు. ఈయన కచేరీలు బాగా తగ్గించుకుని మళ్లీ చదువుకి కూర్చున్నాడు. తర్వాత 1970లలో రికార్డులు వరసగా రావడం మొదలైంది. స్ట్రవిన్‌స్కీ, ప్రొకోఫియెవ్, షోపాన్ ఎట్యూడ్లు (వేళ్ల సాధనకని రాసిన చిన్న రచనలు), వాటి వెంటే ఇరవయ్యో శతాబ్దపు కొత్త సంగీతం రాసిన వెబర్న్, బూలెజ్ రెండో సొనాటా (పియానోకి రాసిన పెద్ద రచన). ఆ బూలెజ్ సొనాటా వినడానికే చెమట పడుతుంది, వాయించేవాడి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఆయన కచేరీ కూర్పులో ఒక గడుసుతనం ఉండేది. బీతోవెన్‌నీ, కొత్త సంగీతం రాసిన షోయెన్‌బర్గ్‌నీ, స్టాక్‌హౌజెన్‌నీ పక్కపక్కనే పెట్టేవాడు. బీతోవెన్ కోసం టికెట్ కొన్నవాడు మిగతా ఇద్దరినీ కూడా వినక తప్పేది కాదు. 1970లలో స్వరకర్త లూయీజీ నోనో, కండక్టర్ క్లౌడియో అబ్బాదోలతో కలిసి ఫ్యాక్టరీల్లో కార్మికులకీ వినిపించాడు.

నోనో 1976లో ఈయన కోసమే ఒక రచన చేశాడు, పియానోకీ టేపుకీ. ఆ టేపులో ఉన్నది కూడా పొలీని వాయించిందే. స్టూడియోలో ముందే రికార్డు చేసి, దాన్ని మార్చి, స్పీకర్లలోంచి వదులుతారు. ఎదురుగా పియానో ముందు అదే మనిషి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే మొదటి రెండు మూడు నిమిషాల్లో ఏది ఇప్పటిది, ఏది టేపుదీ తెలియదు. పెడల్ తొక్కిన చప్పుడు కూడా టేపులోంచి వస్తుంది. వెనిస్‌లో నోనో ఉన్న జుదెక్కా దీవికి నీళ్ల మీదుగా చేరే గంటల మోత ఆ స్వరాల్లో ఉందంటారు. నాకు మాత్రం ఖాళీ ఇంట్లో మన అడుగుల చప్పుడు మనకే వినబడినట్టు ఉంటుంది.

అయితే ఈ దారికి పునాది ఏమిటి? వార్సా బహుమతి. అయిదేళ్లకోసారి జరిగే పోటీలో మొదటి స్థానం. ఆ పేరు ఉంది కాబట్టే హాలు వాళ్లు బూలెజ్‌ని కూడా ఒప్పుకున్నారని నా అనుమానం. 2024 మార్చిలో పోయేదాకా ఆయన వేదిక వదల్లేదు. బీతోవెన్ ముప్పై రెండు సొనాటాల రికార్డింగు 1975లో మొదలై 2014లో ముగిసింది. చివరి ఏళ్లలో వేళ్లు మునుపటిలా సాగలేదు, ఆ సంగతి వినేవాళ్లందరికీ తెలుసు. అయినా కూర్చున్నాడు.

గ్లెన్ గూల్డ్ దీనికి పూర్తిగా ఎదురు. టొరొంటో మనిషి. 1955లో బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ రికార్డు చేశాడు, ఆ ఒక్క రికార్డుతో లోకమంతా తెలిసిపోయాడు. 1957లో సోవియట్ యూనియన్‌కి వెళ్లినప్పుడు మాస్కో కన్సర్వేటరీ (సంగీత కళాశాల) విద్యార్థుల ముందు బెర్గ్, వెబర్న్, క్రెనెక్ లాంటి కొత్త పద్ధతి స్వరకర్తల రచనలు వాయించాడు. ఆ రోజుల్లో అక్కడ అలాంటి సంగీతం వినిపించడం చిన్న విషయం కాదు. తర్వాత 1964 ఏప్రిల్‌లో, ముప్పై ఒక్కేళ్ల వయసులో, లాస్ ఏంజెలెస్‌లో వాయించి, మళ్లీ కచేరీ ముఖం చూడలేదు. మిగతా బతుకంతా స్టూడియోలోనే.

స్టూడియోలో ఏం చేసేవాడో ఒక ముచ్చట చెప్తాను. బాఖ్ ఏ మైనర్ ఫ్యూగ్ (ఒకే రాగం ఒకదాని వెంట ఒకటిగా అల్లుకునే రచన) ఒకటి ఎనిమిది సార్లు వాయించాడు. ఆరోది బాగుంది, ఎనిమిదోదీ బాగుంది. కానీ తర్వాత వింటే ఒకటి మరీ బిగుసుకుపోయి ఉంది, ఇంకొకటి మరీ ఉషారుగా ఉంది. రెంటి వేగం మాత్రం ఒకటే. టేపు కత్తిరించి అతికించాడు, ఆరుతో మొదలై మధ్యలో ఎనిమిదిలోకి పోయి మళ్లీ ఆరులోకి వచ్చేలా. ఇది మోసం అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు. నాకైతే సినిమా ఎడిటింగ్‌ని మోసం అనని వాళ్లు దీన్ని ఎందుకు అంటారో అర్థం కాదు.

ఇంకొకటి ఆయన కుర్చీ. మడత కుర్చీ కాళ్లని వాళ్ల నాన్న రంపంతో కోసి ఇచ్చాడు. నేల నుంచి పద్నాలుగు అంగుళాల ఎత్తు. పియానో మెట్లు ఇంచుమించు గడ్డం దగ్గరికి వచ్చేవి. జీవితాంతం దాన్నే మోసుకు తిరిగాడు.

కొత్త సంగీతం విషయంలో మాత్రం గూల్డ్ దారి నాకు కొంచెం ఇరుకు. షోయెన్‌బర్గ్ పియానో రచనలన్నీ రికార్డు చేశాడు, అది పెద్ద పనే. కానీ షోయెన్‌బర్గ్ అప్పటికే పోయాడు. ఎదురుగా కూర్చుని "అలా కాదు, ఇలా" అనే మనిషి లేడు. పైగా స్టూడియోలో ఎన్నిసార్లైనా వాయించుకోనిచ్చే పెద్ద రికార్డు కంపెనీ వెనక ఉంటేనే ఆ బతుకు సాధ్యం.

ఇక పియెర్ లోరాన్ ఎమార్. 1957లో లియోన్‌లో పుట్టాడు. ఈయన ప్రవేశించింది వెనక గుమ్మంలోంచి. ఇవోన్ లోరియో దగ్గర నేర్చుకున్నాడు, ఆవిడ స్వరకర్త మెస్సియాన్ భార్య. 1973లో మెస్సియాన్ పేరిటి పోటీ గెలిచాడు. 1976లో బూలెజ్ పారిస్‌లో కొత్త సంగీతం కోసమే ఒక బృందం పెడితే అందులో తొలి సభ్యుల్లో ఒకడయ్యాడు. సర్కారు సొమ్ముతో నడిచే బృందం. అక్కకి నేను ముందు చెప్పింది ఈ ముక్కే: పద్దెనిమిదేళ్ల పాటు ఆయనది ఉద్యోగం. స్వరకర్తలు రాసి తేవడం, వీళ్లు సాధన చేసి వినిపించడం.

హంగేరీ స్వరకర్త లిగెటి ఎట్యూడ్లలో కొన్ని ఈయనకే అంకితం. లిగెటి ఎట్యూడ్లన్నిటి వరసలో మూడోది మా పిల్ల ఇంట్లో నెమ్మదిగా చేసి చూపించింది. ఒక చేత్తో కొన్ని మెట్లు చప్పుడు రాకుండా నొక్కి పట్టుకోవాలి. రెండో చేయి వాటి మీదుగా గబగబా పరిగెత్తాలి. పట్టుకున్న మెట్టు మీద వేలు పడితే చప్పుడు రాదు. వేళ్లు ఆగకుండా నడుస్తున్నాయి, వినబడేది మాత్రం తడబాటు, నత్తి. వంటింట్లోంచి అక్క కేకేసింది: "పియానో పాడైందా?" లిగెటి ఉంటే ఆ ప్రశ్నకి మురిసిపోయేవాడు.

రాసిన మనిషి పక్కన కూర్చుని దిద్దుతుంటే కాగితం మీది గుర్తులో ఎంత ఉంటుందో, ఎంత ఉండదో తెలిసిపోతుంది. ఎమార్ నలభై దాటాక కండక్టర్ హార్నన్‌కోర్ట్‌తో బీతోవెన్ కాన్చెర్టోలు (పియానోకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసినవి) వాయించినప్పుడు నాకు ఆ తేడా వినబడింది. పాత గ్రంథం చదువుతున్నట్టు ఉండదు, అప్పుడే అందిన ఉత్తరం విప్పి చదువుతున్నట్టు ఉంటుంది. 2016లో ఇంగ్లండ్‌లోని ఆల్డ్‌బరాలో మెస్సియాన్ ‘పక్షుల కేటలాగ్’ మొత్తం తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా, ఆయా పిట్టలు కూసే వేళల్లో వాయించాడు. అది వినలేకపోయానే అని ఇప్పటికీ బాధే.

మరి ఏది మేలు? రాత్రి పది దాటాక నేను పెట్టుకునేది పొలీనినే, అందులో దాపరికం లేదు. కానీ పిల్లకి చెప్పింది ఎమార్ దారి. పొలీని దారిలో ముందు అందరినీ ఓడించాలి, ఆ తర్వాతే నచ్చింది వాయించుకోవచ్చు. ఎమార్ దారిలో నచ్చింది వాయించడంతోనే పని మొదలవుతుంది, బీతోవెన్ తర్వాతైనా వస్తాడు. ఆ దారీ సాఫీ ఏం కాదు. ఫ్రాంక్‌ఫర్ట్, వియన్నాల్లో కూడా ఇలాంటి బృందాలు ఉన్నాయి గానీ, ఒక్కో దాంట్లో పియానోకి ఒకటి రెండు కుర్చీలు, అవి ఖాళీ అయ్యేది ఎప్పుడో. హైదరాబాద్ నుంచి అక్కడికి చదువుకి వెళ్లాలంటే డబ్బు, జర్మనో ఫ్రెంచో భాష, వీసా టెన్షన్. అక్క అన్నీ విని, "ముందు డిగ్రీ కానీ" అంది. అదీ న్యాయమే.

ఈ ముగ్గురిలో గూల్డ్‌ని ఎవరూ అనుకరించకూడదని పిల్లకి గట్టిగానే చెప్పాను. మొన్న ఫోన్ చేస్తే బావ విసుక్కున్నాడు. డైనింగ్ టేబుల్ కుర్చీ ఒకటి తెచ్చి, కాళ్లు పద్నాలుగు అంగుళాలకి కోయించమని కూర్చుందట.