పద్నాలుగు నెలల విజయ నూనె: కొలతల పుస్తకం వెనక రాసుకున్న లెక్క

ఇరవై రెండేళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. షాపు విశాఖ మద్దిలపాలెంలో, ఇల్లు హెచ్‌బీ కాలనీలో. రోజంతా మెడ వంచి సూది మీద చూపు పెట్టే పని. నలభై దాటాక మెడ, కుడి భుజం పట్టుకున్నాయి, తర్వాత మోకాళ్లు. పగలు ఎలాగో గడిచిపోయేది. రాత్రి కుడివైపు తిరిగితే చాలు, భుజంలో సలుపు మొదలై రెండింటికో మూడింటికో లేచి కూర్చునేదాన్ని. నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట.

గంజాయి మొక్కతో చేసే విజయ నూనె నొప్పులకి పనిచేస్తుందని విని తెప్పిస్తే, మొదట కొన్నదే తప్పు సరుకు. హెంప్ సీడ్ ఆయిల్, అంటే ఆ మొక్క గింజల నూనె, తెప్పించి నెల రోజులు పరగడుపున చెంచాడు తాగాను. ఏమీ కాలేదు. ఎందుకవుతుంది? అది తిండి సరుకు. 2021 నవంబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహారంగా అనుమతించింది ఆ గింజల్నీ వాటి నూనెనే. నొప్పికని చెప్పే కన్నాబిడియాల్, అదే సీబీడీ, ఆకులోనూ పూతలోనూ ఉంటుంది గానీ గింజలో దాదాపు ఉండదు. మిగిలిన నూనె కందిపొడి అన్నంలో కలిపి అవగొట్టాం. రుచి బాగానే ఉంది.

రెండోసారి ఆయుర్వేద డాక్టరు గారితో చీటీ రాయించుకుని సీబీడీ ఉన్న నూనె తెప్పించాను. మన దగ్గర ఇది ఆయుర్వేద మందుగా వస్తుంది. సీసా మీద సీబీడీ అని చిన్నగా, ‘విజయ’ అని పెద్దగా ఉంటుంది. ఆయుర్వేదంలో ఈ మొక్క పేరే విజయ. పార్సిల్ విప్పగానే ఆకు బొమ్మ చూసి మా అత్తమ్మ, "ఏటమ్మా ఇది, గంజాయి నూనేటి? పోలీసులొస్తే ఏటి చెప్తావు?" అంది. ఆవిడని అనడానికి లేదు. 2021లో ఆపరేషన్ పరివర్తన అని ఏజెన్సీలో తోటలకి తోటలు నరికి తగలబెట్టడం టీవీలో చూసిన మనిషి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి అంటే పూత, కాయల గుత్తులనీ, గుత్తులు లేని ఉత్త ఆకు ఆ మాట కిందకి రాదనీ, అందుకే ఈ మందు ఆకుతో చేస్తారనీ చెప్పాను. నమ్మలేదు. నేనూ బిల్లు, చీటీ సీసాతో పాటే డబ్బాలో పెడతాను.

నాలుక కింద చుక్కలు వేసుకుని నిమిషం మింగకుండా ఉండాలి. పచ్చగడ్డి నమిలినట్టు పసరు వాసన, చివర్లో చేదు. రాత్రికి మూడు చుక్కలతో మొదలెట్టి, డాక్టరు గారు చెప్పినట్టు మెల్లగా పదికి వచ్చాను. సీసా రెండు నెలలకి అటూ ఇటూగా వస్తుంది. ఖరీదు రెండున్నర వేలు, అంటే నాకు పన్నెండు సాదా బ్లౌజుల కుట్టుకూలి.

ఛాతీ 36, చేతి పొడవు 10 అని రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో, రోజూ నొప్పికి పదికి ఎన్ని మార్కులో, రాత్రి ఎన్నిసార్లు లేచానో రాశాను. మొదటి రెండు వారాలు ఏ తేడా లేదు. మూడో వారం నుంచి రాత్రికి ఒక్కసారే మెలకువ. రెండు నెలలకి రాత్రి సలుపు ఏడు నుంచి నాలుగుకి దిగింది. మోకాళ్లు మాత్రం ఆరు దగ్గరే పాతుకుపోయాయి.

కానీ అదే నెలలో ఫిజియోథెరపీ ఆవిడ నేర్పిన వ్యాయామం కూడా మొదలెట్టాను. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లని గోడ మీద పైకి పాకించడం. మరి పని చేసింది నూనెనా, గోడనా? మూఢంలో పని తక్కువున్నప్పుడు మూడు వారాలు నూనె మానేసి వ్యాయామం మాత్రం చేశాను. రెండో వారానికి రాత్రి మెలకువలు మళ్లీ మొదలయ్యాయి. పగటి నొప్పి మాత్రం పెరగలేదు. నా ఒంటి వరకు ఈ నూనె ఇచ్చింది నిద్ర. భుజాన్ని కదిలించింది ఆ గోడ.

ఒకసారి ధర తక్కువని వేరే కంపెనీది కొన్నాను. ‘మత్తు ఉండదు’ అని రాసి ఉంది. పట్టు బ్లౌజు కటింగ్ ఉందని భుజం నొప్పికి మధ్యాహ్నమే వేసుకున్నాను. గంటలో నోరు ఎండిపోయింది, తల తేలిపోయింది, కత్తెర నా చేతిలో ఉన్నట్టే లేదు. బ్లౌజు చేతులు రెండూ ఒకే వైపుకి కత్తిరించేశాను. కస్టమరుకి కొత్త గుడ్డ కొనిచ్చాను. మత్తు తెచ్చే టీహెచ్‌సీ ఎక్కువుండి ఉంటుంది, బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు అడగమన్నారు డాక్టరు గారు. అడిగితే కంపెనీ ఫోనే ఎత్తలేదు. అప్పటినుంచి రిపోర్టులో టీహెచ్‌సీ అంకె చూడందే కొనను.

నాకు నిద్ర పడుతోందని చూసి అత్తమ్మ కూడా మోకాళ్లకి అడిగింది! ఆవిడకి గుండె కవాటం మార్చారు, రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతోంది. డాక్టరు గారు వద్దే వద్దన్నారు. సీబీడీ వల్ల లివర్ ఆ మాత్రని త్వరగా కరిగించలేదు, రక్తంలో మోతాదు పెరిగి రక్తస్రావం కావచ్చు. నా బీపీ మాత్ర కూడా చూశాకే ఆయన చీటీ రాశారు. అమెరికాలో 2018లో సీబీడీ మందుకి అనుమతి ఇచ్చింది కూడా అరుదైన మూర్ఛ జబ్బులకి, నొప్పులకి కాదు. ప్రకటనల్లో మాత్రం సర్వరోగ నివారిణి.

ఇప్పుడు పెళ్లిళ్ల సీజన్‌లో తప్ప రోజూ వాడటం లేదు. మొన్న ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లాను. మొత్తం 32 కిలోమీటర్లు. కొండ కింద తొలి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే, హెచ్‌బీ కాలనీ వచ్చేసరికి మోకాళ్లు మొరాయించాయి. ఇల్లు దారిలోనే కదా, స్వామికి అక్కణ్నుంచే దణ్ణం పెట్టి లోపలికెళ్లి పడుకున్నాను. ఆ రాత్రి ఒక్క చుక్క వేసుకోకుండానే పొద్దెక్కేదాకా నిద్రపోయాను.