పైలట్ ఆప్టిట్యూడ్ టెస్టుకి కోచింగా, ఇంట్లో ప్రాక్టీసా: ఏది మేలు?

ఎన్‌డీఏ, సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్, ఈ ప్రవేశ పరీక్షల్లో ఏ దారిన వచ్చినా వాయుసేన ఫ్లయింగ్ బ్రాంచికి ఒక గేటు దాటక తప్పదు. అదే సీపీఎస్‌ఎస్, అంటే కంప్యూటర్ మీద జరిగే పైలట్ ఎంపిక పరీక్ష. పాతవాళ్లు ఇప్పటికీ పీఏబీటీ అనే అంటారు. రాత పరీక్ష పోతే మళ్లీ రాసుకోవచ్చు, ఎస్‌ఎస్‌బీలో (ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేసే బోర్డులో) వెనక్కి పంపినా మళ్లీ వెళ్లొచ్చు. దీనికి మాత్రం జన్మకి ఒక్కటే ఛాన్స్. పోతే ఇక ఫ్లయింగ్ ఆశ వదులుకుని గ్రౌండ్ డ్యూటీ బ్రాంచిలు చూసుకోవాల్సిందే. పిల్లల టెన్షన్‌కీ, తల్లిదండ్రుల ఖర్చుకీ కారణం ఆ ఒక్క రూలే.

ఇందుకోసం మనవాళ్లు పట్టుకునే దారులు మూడు: సిమ్యులేటర్ ఉన్న కోచింగ్, ఇంట్లో కంప్యూటర్‌కి తగిలించుకునే జాయ్‌స్టిక్, ఫోన్‌లో యాప్. ఏది మేలో తేల్చాలంటే ముందు లోపల ఏం అడుగుతారో తెలియాలి.

ఒక భాగం మీటర్లు చదవడం. కాక్‌పిట్‌లోని డయల్స్ గురించి మొదట వివరిస్తారు, తర్వాత వాటి బొమ్మలిచ్చి విమానం ఏ స్థితిలో ఉందో చెప్పమంటారు. రెండో భాగం మెషీన్ మీద. తెర మీద నిలకడ లేకుండా కదిలే చుక్కని చేత్తో స్టిక్, కాళ్లతో పెడల్స్ వాడి గడి మధ్యలో ఉంచాలి. అది చేస్తుండగానే ఎర్ర లైటు వెలుగుతుంది, బజర్ మోగుతుంది. వాటిని ఎడమ చేతి లివర్‌తో ఆపాలి. కలాం గారి ఆలోచనతో మొదలై రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ తయారు చేసిన వ్యవస్థ ఇది. ఆయన కూడా కుర్రతనంలో డెహ్రాడూన్‌లో వాయుసేన ఇంటర్వ్యూకి వెళ్లి, 8 ఖాళీలకు 9వ స్థానంలో ఆగిపోయినవారే.

మొదటి భాగానికి కోచింగ్ డబ్బు దండగ అని నా అభిప్రాయం. ఇంట్లో కూర్చుని నేర్చుకునే విద్య అది. విమానం ఎంత ఎత్తులో ఉందో చూపే ఆల్టిమీటర్‌నే తీసుకోండి. పొట్టి ముల్లు వేల అడుగులు, పొడుగు ముల్లు వందలు. పొట్టిది 3కీ 4కీ మధ్య ఉండి, పొడుగుది 5 మీద ఉంటే 3,500 అడుగులు. గడియారం చూసినట్టే, పెద్ద చిక్కేమీ లేదు. అసలు చిక్కు విమానం ఎటు వంగిందో చూపే ఆర్టిఫిషియల్ హొరైజన్‌తో. అందులో గీత కుడి కొస పైకి లేచి కనిపిస్తే, కొత్తవాళ్లు విమానం కుడి రెక్క పైకి లేచిందని గుర్తు పెట్టేస్తారు. నిజానికి కుడి రెక్క కిందికి వంగింది. విమానం వంగినా దిగంతం ఉన్నచోటే ఉంటుంది కాబట్టి లోపల కూర్చున్నవాడికి అది ఎదురు వాలుగా కనిపిస్తుంది. దీన్ని బట్టీ పడితే పరీక్షలో తడబడతారు. ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో చిన్న సెస్నా విమానం ఎక్కి, మధ్యలో పాజ్ చేసి, బయటి దృశ్యం చూడకుండా డయల్స్ మాత్రమే చూసి, 'పడమటి వైపు వెళ్తోంది, ఎడమకి వంగింది, కిందికి దిగుతోంది' అని పైకి చెప్పండి. తర్వాత బయటి నుంచి విమానాన్ని చూపించే కెమెరాకి మారితే మీ జవాబు తప్పో ఒప్పో అక్కడే తేలిపోతుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఇది మరీ ముఖ్యం. హెడింగ్ (వెళ్లే దిక్కు), పిచ్ (ముక్కు పైకో కిందికో ఉండటం), బ్యాంక్ (పక్కకి వంగడం), రేట్ ఆఫ్ క్లైంబ్ (పైకెక్కే వేగం) లాంటి మాటలు ముందే చెవిన పడి ఉంటే, అక్కడ ఇంగ్లిష్‌లో వివరిస్తున్నప్పుడు అర్థాలు వెతుక్కునే పని ఉండదు.

రెండో భాగం దగ్గర ఇంటి సెటప్‌కి ఒక లోపం ఉంది. తక్కువ ధరకి దొరికే జాయ్‌స్టిక్‌లు చాలావాటిలో పెడల్ చేసే పనిని స్టిక్‌ని మెలితిప్పి చేయాలి. అంటే కాళ్లు నేర్చుకోవాల్సినది మణికట్టు నేర్చుకుంటుంది. నెలలపాటు అలా ఆడి మెషీన్ మీద కూర్చుంటే, చెయ్యి మెలితిరగడానికి చూస్తుంది, కాళ్లు ఊరికే ఉంటాయి. పెడల్స్ కొనలేకపోతే ఈ భాగానికి ఇంటి ప్రాక్టీసు మీద పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. కారో ట్రాక్టరో నడిపే అలవాటున్నవాళ్లకి కాళ్లూ చేతులూ వేర్వేరు పనులు చేయడం కొత్తేమీ కాదు, వాళ్లు కొంత నయం.

కోచింగ్ సెంటర్ సిమ్యులేటర్ పనికొచ్చేది ఇక్కడే. అయితే అది అసలు మెషీన్‌కి నకలే తప్ప అసలుది కాదు, వాళ్ల బ్రోషర్ ఏం చెప్పినా సరే. దాని విలువ పక్కన నిలబడి చూసే మనిషిలో ఉంది. లైటు వెలగగానే మీ కాళ్లు ఆగిపోతున్నాయని, చుక్క కొంచెం జరిగితే స్టిక్‌ని బోలెడంత తోస్తున్నారని మీకు తెలియదు, ఆయనకు కనిపిస్తుంది. ఎక్కువమందిని ముంచేది ఈ అతి సవరణే. ఈ లోపం చెప్పించుకోవడానికి రెండు మూడు సిట్టింగులు చాలు. నెల రోజుల ప్యాకేజీ అంటే నేనైతే వద్దంటాను. ఆ డబ్బు మిగిల్చుకుని ఎస్‌ఎస్‌బీకి సిద్ధం కావడం మేలు, ఎందుకంటే మైసూరులోనో డెహ్రాడూన్‌లోనో బోర్డు రికమెండ్ చేశాకే ఈ మెషీన్ దాకా పంపుతారు.

ఫోన్ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. డయల్ ప్రశ్నలకి బస్సులో కాలక్షేపంగా బాగుంటాయి. బొటనవేలితో చుక్కని లాగే ఆటలు ఎన్ని ఆడినా స్టిక్, పెడల్స్ అలవాటు కావు.

కాబట్టి నా వరస ఇది: ముందు ఇంట్లో డయల్స్, ఎస్‌ఎస్‌బీ కాల్ లెటర్ వచ్చాక పెడల్స్ ఉన్న సిమ్యులేటర్ మీద కొన్ని సిట్టింగులు. జాయ్‌స్టిక్ మీ సరదా కోసమైతే కొనుక్కోండి.

వీటిలో దేనికైనా రూపాయి తీసేముందు ఇంట్లో టేపు పెట్టి కొలుచుకోండి. ఫ్లయింగ్ బ్రాంచికి ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి. కాలి పొడవు 99 నుంచి 120 మధ్య, కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96 మధ్య ఉండాలి. తొడ పొడవు 64 దాటకూడదు. ఇంట్లో తీసిన కొలత కాస్త అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి, హద్దుకు దగ్గరగా ఉన్నవాళ్లు డాక్టర్ దగ్గర మరోసారి కొలిపించుకోండి. కంటి పరీక్ష కూడా అప్పుడే చేయించుకుంటే ఒక పని అయిపోతుంది.