‘హిక్మత్ అల్-ఇష్రాఖ్’ ద్విభాషా ప్రతి: తర్కాన్ని దాటవేయరాదు

‘హిక్మత్ అల్-ఇష్రాఖ్’ అంటే ‘ప్రకాశ తత్వం’; పన్నెండవ శతాబ్దపు తాత్వికుడు సుహ్రవర్దీ అరబిక్‌లో రాసిన గ్రంథం. జాన్ వాల్‌బ్రిడ్జ్, హుసేన్ జియాయీ కలిసి అనువదించగా 1999లో వెలువడిన ఈ ప్రతిలో ఒక పుటలో అరబిక్ మూలం, దానికి ఎదుట ఇంగ్లిషు అనువాదం ఉంటాయి. అరబిక్ అంతంతమాత్రంగా వచ్చిన నావంటి పాఠకుడికి ఈ ఏర్పాటు ఎంతో మేలు చేసింది. కాంతి అనే అర్థమిచ్చే ‘నూర్’ అన్న మాట ఎక్కడ పడిందో కూడబలుక్కుని అయినా చూసుకోవచ్చు.

ఇరాన్ వాయవ్య ప్రాంతంలోని సుహ్రవర్ద్‌లో పుట్టి, 1186లో ఈ గ్రంథాన్ని ముగించి, 1191లో నలభయ్యేళ్లయినా నిండకుండానే సిరియాలోని అలెప్పోలో మరణశిక్షకు గురైన షిహాబుద్దీన్ సుహ్రవర్దీ కథ విన్నవారు, కాంతుల గురించి చెప్పే రెండవ భాగానికే ముందుగా పరుగెత్తుతారు. నేనూ ఆ పనే చేసి, పది పుటలు దాటలేక వెనక్కి వచ్చాను.

మొదటి భాగం తర్కం. మనిషిని ‘ఆలోచించే జంతువు’ అని నిర్వచించే అరిస్టాటిల్ అనుయాయుల పద్ధతిని సుహ్రవర్దీ ఇక్కడ పట్టి నిలదీస్తాడు. నలుపును ఎన్నడూ చూడనివాడికి ఏ నిర్వచనమూ నలుపును తెలియజేయలేదు. చూసినవాడికి నిర్వచనంతో పని లేదు. ఈ వాదం వంటబట్టాక రెండవ భాగం తెరిస్తే, కాంతిని మించి స్పష్టమైనది లేదు గనుక దానికి నిర్వచనం అక్కరలేదన్న తొలి మాట కవిత్వంలా కాక, వాదంలో తర్వాతి మెట్టుగా కనిపిస్తుంది. తనను తాను ఎరిగిన ప్రతిదీ కాంతే అన్న విచారానికీ, అక్కడి నుంచి ‘నూర్ అల్-అన్వార్’ అనే కాంతులకు కాంతికీ దారి తిన్నగానే సాగుతుంది. మన వేదాంతంలోని ‘స్వయంప్రకాశం’ ఇక్కడ నాలుక చివరికి వస్తుంది గాని, ఈయన కాంతులకు అంతస్తులు ఉన్నాయి. పై కాంతికి కిందిదానిపై ఆధిపత్యం, కిందిదానికి పైదానిపై ప్రేమ ఉన్నాయి. తొందరపడి రెండింటినీ ఒకే గాటన కట్టరాదు.

అనువాదంలో నన్ను ఇబ్బంది పెట్టిన మాట ఒకటుంది. భౌతిక దేహానికి గ్రంథకర్త వాడిన ‘బర్జఖ్’ను అనువాదకులు ‘బారియర్’ అన్నారు. మూలపదానికి అది దగ్గరే అయినా, అడ్డుగోడ అంటే ఇక్కడ దేహమని ప్రతిసారీ గుర్తు చేసుకోవలసి వస్తుంది.

చదవబోయేవారు ముందుగా నలభై రోజులు మాంసం మాని, మితాహారంతో ధ్యానంలో గడపాలని గ్రంథం చివర సుహ్రవర్దీ షరతు పెట్టాడు. దాన్ని నేను పాటించలేదు. తర్క భాగానికి మాత్రం నలభై రోజులకు పైగానే పట్టింది.