పదమూడేళ్ళు వాడినంక కార్క్ షీటు, ఆయిల్ పేపరు ప్యాకింగుల మీద నా అనుభవం

మిర్యాలగూడ దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లులో మెయింటెనెన్స్ చూస్తున్నా, 13 ఏళ్ళు అయింది. ఎలివేటర్ గేర్‌బాక్సులు, డీజీ సెట్టు (డీజిల్ జనరేటరు), కంప్రెసరు, మిల్లు ట్రాన్స్‌ఫార్మరు, ఆయిల్ ఉన్న ప్రతి చోటా ప్యాకింగ్, అంటే రెండు భాగాల మధ్య లీకు కాకుండా పెట్టే షీటు ముక్క, నేనే కోసి వేస్తా. ఎక్కువగా వాడేది రెండే, 3 ఎంఎం రబ్బర్ కార్కు, 0.25 ఎంఎం ఆయిల్ పేపరు. రెండూ మంచివే, కానీ ఒకటి వేయాల్సిన చోట ఇంకోటి వేస్తే కొంప మునుగుతది, నాకు మునిగింది కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

రేకు మూతలకి కార్కుని మించింది నాకు ఇంతవరకు కనపడలేదు. ఇంజన్ సంపు (అడుగున ఆయిల్ ఉండే తొట్టి), ట్యాపెట్ కవరు (ఇంజన్ పైమూత), ఇట్లాంటి వాటి అంచు ఎప్పుడూ తిన్నగా ఉండదు, బోల్టు దగ్గర గుంటపడి మధ్యలో లేచి ఉంటది, కార్కు ఆ ఎత్తుపల్లాల్లో సర్దుకుంటది. అది ఓక్ జాతి చెట్టు బెరడు, ఎక్కువగా పోర్చుగల్ నుంచి వస్తది, కణాల నిండా గాలే కాబట్టి నొక్కితే లోపలికే అణుగుతది, పక్కలకి పెద్దగా పాకదు. అదే చోట ఉత్త రబ్బరు షీటు వేసి బిగించండి, బోల్టుల మధ్యలో నాలుక చాపినట్టు బయటికి తోసుకొస్తది.

కొనేటప్పుడు రబ్బరు కలిపిన కార్కే అడగండి, ఆయిల్‌కి అయితే నైట్రైల్ (ఆయిల్‌కి తట్టుకునే) రబ్బరుదా కాదా అని కూడా అడగండి. జిగురుతో అతికించిన ఉత్త కార్కు చవకే కానీ మా స్టోరు రూములో రెండు ఎండాకాలాలు ఉంటే అప్పడంలాగ అయిపోయింది. షాపులోనే ఒక ముక్క వేలి చుట్టూ వంచి చూస్తా, అంచున సన్నటి పగులు వచ్చినా, గింజలు రాలినా తీసుకోను. ట్రాన్స్‌ఫార్మరుకి కొనేటప్పుడు ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) 4253 రెండో భాగం ప్రకారం ఉన్న షీటే తెచ్చుకోండి, రబ్బర్ కార్కుకి స్టాండర్డు అదే. బిగించేటప్పుడు మందంలో మూడో వంతు అణిగితే చాలు, ఇంకా లాగితే కార్కు చిట్లుతది, రేకు కూడా వంగుతది. మర్నాడు ఎట్లాగూ కొంచెం లూజ్ అవుతది, అప్పుడు ఇంకోసారి బోల్టులు క్రాస్‌గా, అంటే ఒకదాని తర్వాత దాని ఎదురుది, బిగించి చూసుకోవాలి.

ఇప్పుడు నా తప్పు. ఒక వర్మ్ గేర్‌బాక్స్ (మరలాంటి షాఫ్టు పళ్ళ చక్రాన్ని తిప్పే రకం) ఎండ్ కవరు దగ్గర ఆయిల్ చెమరుస్తోంది, పేపరు అయిపోయింది, వడ్ల సీజను, లారీలు లైన్లో ఉన్నయి, చేతికందిన 1.5 ఎంఎం కార్కు కోసి వేసిన. లీకు ఆగింది, సంతోషపడ్డా. కొన్నాళ్ళకి మూలుగు మొదలైంది, షాఫ్టు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే టక్కు టక్కుమని కదులుతోంది. విప్పి చూస్తే గన్‌మెటల్ (కంచు రకం లోహం) వీలు పళ్ళు ఒక పక్కకి అరిగిపోయి ఉన్నయి, అడుగున ఆయిల్లో బంగారం పొడిలాగ మెరుస్తోంది. ఆ కవరు లీకు ఆపడానికి మాత్రమే కాదు, బేరింగుని నొక్కిపట్టేది కూడా అదే, ప్యాకింగ్ మందం ఎంత పెరిగితే బేరింగుకి అంత ఆట వస్తది. అందుకే మెషినింగ్ చేసిన (మెషిను మీద చదునుగా కోసిన) ఫేసులకి పేపరే, పాతదాన్ని మైక్రోమీటరుతో కొలిచి అదే మందం వేయాలి.

పేపరుతో ఇబ్బంది ఏందంటే మే నెలలో ఎండి కుంచించుకుపోతది, ముందే కోసి దాచిన ప్యాకింగ్ హోల్సు బోల్టులకి కలవవు. తడిబట్టలో కాసేపు చుట్టిపెడితే మళ్ళీ సాగుతది. కొత్తది కోసేటప్పుడు ఫేసుకి గ్రీజు రాసి పేపరు అద్దుతా, హోలు మీద పాత బేరింగు బాలు పెట్టి సుత్తితో ఒక్కటి కొడితే గుండ్రంగా తెగుతది. అల్యూమినియం కవరు మీద మాత్రం ఈ పని చేయకండి, అంచు నలిగిపోతది.

బాయిలరు పక్క స్టీమ్ లైనుకి రెండూ పనికిరావు, అక్కడ కంప్రెస్డ్ ఫైబర్ షీటే (పీచుకి రబ్బరు కలిపి గట్టిగా నొక్కి చేసేది) వేయాలి. ఎప్పుడూ నీళ్ళు తగిలే చోట పేపరు నాని పీచు పీచు అయిపోతది, అక్కడా వద్దు.

ఆ గేర్‌బాక్సుకి కొత్త వీలు, కొత్త బేరింగులు, పేపరు ప్యాకింగు వేసినం, ఇప్పటికీ చుక్క కారట్లేదు. నేను లేని షిఫ్టులో ఎవరు విప్పినా కనపడాలని ఎండ్ కవరు మీద తెల్ల పెయింటుతో 0.25 పేపరు అని పెద్దగా రాసిపెట్టినా.