చైను చిక్కుపడిందని ‘రిపేర్ కిట్’ కొంటున్నారా? జాగ్రత్త

సైకిల్ చైను చిక్కుపడగానే ఆన్‌లైన్‌లో ‘చైన్ రిపేర్ కిట్’ ఆర్డర్ పెట్టేస్తున్నారు కొత్తగా సైకిల్ కొన్నవాళ్ళు. ఒక కట్టరు (చైను పిన్నుని సూదితో నెట్టి ఊడదీసేది), ‘అన్ని సైకిళ్ళకీ సరిపోతాయి’ అని రాసిన నాలుగైదు జాయింట్ లింకులు (చైను చివరలు కలిపేవి), ఓ చిన్న బ్రష్షు కలిపి చవగ్గా అమ్మే సరుకు గురించి చెప్తున్నది. కొనకండి. చిక్కు తీయడానికి కట్టరుతో పనే లేదు. పైగా ఆ లింకులు బాగున్న చైనుని కూడా పాడుచేస్తాయి.

లింకు ఊడని చైనుకి అసలు ముడి పడదు. రెండు చివరలూ కలిసి ఉన్న వలయం కాబట్టి ఎంత మెలిక తిరిగినా తెంచకుండానే విప్పుకోవచ్చు. బలంగా లాగితేనే ముప్పు. చైను పైకీ కిందికీ వంగడానికి చేసిన వస్తువు, పక్కకి లాగితే పలకలు వంకర పోతాయి, పిన్నులు వదులవుతాయి. పాత పేపరు పరిచి చైనుని పక్కవాటుగా, పలకలు పేపరుకి ఆనేలా పడుకోబెట్టండి. ఎక్కడ ఒకదాని మీద ఒకటి దాటుతోందో చూసి, పైన ఉన్న వరసని మెల్లగా ఎత్తి అవతలికి వేయండి. చిన్న ఉచ్చు కనబడితే లాగకుండా దాన్ని వేళ్ళతో బోర్లా తిప్పండి, చాలాసార్లు మొత్తం అక్కడే విడిపోతుంది.

చైను సైకిల్ మీదే జారి ఇరుక్కుంటే పని ఇంకా తేలిక. గేర్ల సైకిలైతే వెనక అన్నిటికంటే చిన్న పళ్ళ చక్రం మీదికి గేరు మార్చి, డిరైలర్ (వెనక చైనుని గేరు మార్చే పరికరం) చేతిని ముందుకి నెట్టండి. చైను వదులవుతుంది. దాన్ని పెడల్ దగ్గరి పళ్ళ చక్రం కింది పళ్ళకి తగిలించి, పెడల్‌ని చేత్తో వెనక్కి తిప్పితే ఎక్కి కూర్చుంటుంది. వేళ్ళు చైనుకీ పళ్ళకీ మధ్య పెట్టొద్దు. గేర్లు లేని సైకిలైతే మొదట ఫ్రీవీల్ (వెనక పళ్ళ చక్రం) మీద వేసి, తర్వాత పెడల్ దగ్గరి పళ్ళ చక్రం పై పళ్ళకి తగిలించి పెడల్ ముందుకి తిప్పండి. అందకపోతే వెనక చక్రం నట్లు రెండూ పానాతో (సాధారణంగా 15 నంబరు) వదులు చేసి, చక్రాన్ని ముందుకి జరపండి. మళ్ళీ బిగించేటప్పుడు చైను మధ్యలో అర అంగుళం ఆట ఉండాలి, చక్రం ఫ్రేము మధ్యలో ఉండాలి.

ఎక్కాక కూడా డిరైలర్ దగ్గర గరగర శబ్దం వస్తుంటే అక్కడున్న రెండు చిన్న చక్రాల మధ్య చూడండి. ఓ చిన్న రేకు నాలుక ఉంటుంది. చైను పై చక్రం ముందునుంచి, కింది చక్రం వెనకనుంచి పోతూ ఆ నాలుకకి రాసుకోకుండా ఉండాలి. తప్పు వైపు పడితే కింది చిన్న చక్రం బోల్టు అలెన్ కీతో విప్పి సరిచేయొచ్చు. ఇక్కడా చైను తెంచక్కర్లేదు.

ఇక కిట్ చేసే నష్టం. చవక కట్టరు సూది మెత్తటి ఇనుము. పిన్ను నడిమధ్యకి ఆనకపోతే సూదే వంగుతుంది, లేదా పలక రంధ్రం పెద్దదవుతుంది. పిన్ను పూర్తిగా బయటికొచ్చేస్తే కొత్తవాళ్ళు తిరిగి ఎక్కించడం దాదాపు అసాధ్యం. ఎలాగో ఎక్కించినా ఆ లింకు బిగుసుకుపోయి, చైను తిరిగిన ప్రతిసారీ డిరైలర్ ఎగిరిపడుతుంది. సన్నటి చైన్లలో అదే పిన్ను మళ్ళీ కొడితే పట్టు తగ్గి, ఎత్తు ఎక్కేటప్పుడు నిలబడి తొక్కగానే ఊడిపోతుంది.

‘అన్నిటికీ సరిపోయే లింకు’ అన్నది శుద్ధ అబద్ధం. పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అన్ని చైన్లలోనూ అర అంగుళమే, వెడల్పులే వేరు. 6, 7, 8 స్పీడ్లది (స్పీడ్లంటే వెనకున్న పళ్ళ చక్రాల సంఖ్య) 7 మి.మీ. పైన, 9 స్పీడ్లది 6.6 మి.మీ. దగ్గర, 11 స్పీడ్లది ఐదున్నర. పెద్ద లింకు సన్న చైనుకి పెడితే పక్క చక్రానికి రాసుకుంటుంది. అన్నట్టు, ‘21 గేర్లు’ చూసి మోసపోకండి: అది ముందు 3, వెనక 7. కొనాల్సింది వెనకున్న పళ్ళ చక్రాల లెక్క ప్రకారం. గేర్లు లేని సైకిల్‌కి క్లిప్పు లింకు వస్తుంది. క్లిప్పు మూసి ఉన్న వైపు చైను నడిచే దిక్కుకి ఉండాలి, తిరగేస్తే దారిలో ఎగిరిపోతుంది.

షాపులో ‘చిక్కుపడింది, చైను మార్చాల్సిందే’ అంటే స్టీలు స్కేలు పెట్టి కొలవండి. ఒక పిన్ను మధ్య సున్నా పెడితే దాని తర్వాత 24వ పిన్ను మధ్య సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. 12 మీద అంగుళంలో పదహారో వంతు దాటితే మార్చండి. ఎనిమిదో వంతు దాటితే ఫ్రీవీల్ కూడా అరిగే ఉంటుంది, కొత్త చైను దాని మీద జారుతుంది. పదహారో వంతు కంటే తక్కువైతే డబ్బులివ్వక్కర్లేదు.

ఇప్పటికే ఆర్డర్ పెట్టేసినవాళ్ళు ప్యాకెట్ రాగానే, ఎన్ని స్పీడ్లకో దాని మీదో లింకు మీదో రాసి ఉందేమో చూడండి. లేకపోతే సైకిల్‌కి పెట్టకముందే వాపసు పెట్టేయండి. గ్రీజు అంటాక తీసుకోరు.