రష్యన్ అక్షరాలు: యాప్ కంటే పిల్లల బుక్వారే నయం

రష్యాలోని కజాన్‌లో మెడిసిన్ చదువుతున్నాను. రష్యన్ చదవడం, పలకడం కోసం నేను గట్టిగా వాడినవి రెండే. ఒకటి ఫోన్‌లో యాప్ (పేరెందుకు లెండి), రెండోది ఇక్కడి షాపులో కొన్న బుక్వార్, అంటే వీళ్ల ఒకటో క్లాసు వాచకం. ఫస్టియర్‌లో మొదలుపెట్టి ఇప్పుడు వార్డులో పేషెంట్లతో మాట్లాడే దాకా వచ్చాను కాబట్టి ఏది పనికొచ్చిందో చెప్పగలను.

33 అక్షరాల రూపాలు గుర్తుపెట్టుకోవడానికి యాప్ బాగుంది, వంక పెట్టను. ఇంగ్లీష్ పి లా ఉండేది ర, హెచ్ లా ఉండేది న, సి లా ఉండేది స, బి లా ఉండేది వ. రెస్టారెంట్ బోర్డు చూసి కొత్తగా వచ్చినవాళ్లంతా "పెక్టోపా" అని చదివేది ఇందుకే. ఇదంతా వారం పది రోజుల పని. గొడవంతా ఉచ్చారణతోనే. యాప్‌లో ప్రతి అక్షరం కిందా ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఉంటుంది, అది చూసి మనం ట, డ అంటాం, కానీ వాళ్లవి అచ్చం మన త, ద. వీళ్లకు 'ష'లు రెండు, అందులో రెండోదాని ఇంగ్లీష్ స్పెల్లింగ్ చూసి "ష్చ్ ష్చ్" అంటూ తంటాలు పడేవాళ్లు మా హాస్టల్ నిండా ఉన్నారు. మనకంత అవస్థ అక్కర్లేదు, మొదటిది ష, రెండోది శ్శ అని కాస్త సాగదీస్తే చాలు. చలి, చాలు అనేటప్పుడు ఇంట్లో మనం పలికే ౘ ఉంది చూశారా, దానికి రష్యన్‌లో విడిగా ఓ అక్షరమే ఉంది. కజాన్ అనే పేరు చివర మెత్తని గుర్తు (తనకంటూ శబ్దం లేకుండా ముందున్న హల్లును మెత్తబరిచే అక్షరం) ఉంటుంది; "పంచ" అనేటప్పుడు సున్న దగ్గర నాలుక ఎక్కడ ఆనుతుందో అక్కడే ఆపేస్తే వచ్చేస్తుంది. కాబట్టి ఇంగ్లీష్ మీదుగా వెళ్లకండి.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం ఆ మెత్తని గుర్తు పక్కనే నిలువు గీత గీసినట్టుండే అచ్చు. నాలుక ఉ అన్నట్టు వెనక్కి పోవాలి, పెదాలేమో ఈ అన్నట్టు పక్కలకు సాగాలి. యాప్‌లోని రోబో గొంతు దాన్ని ఉత్త ఇ లాగే పలికేస్తుంది.

ఇక బుక్వార్. మాటల్ని ముక్కలు చేసి, ఏ అచ్చును నొక్కి పలకాలో దాని నెత్తిన చిన్న గీత పెడతారు. రష్యన్‌లో అసలు విషయమంతా ఆ గీతలోనే ఉంది. పాలను "మొలొకో" అని రాస్తారు, నొక్కు చివర కాబట్టి ముందున్న రెండు ఒ లూ అ లాగా మారి "మలకో" అంటారు. "ముకా" అని చివర నొక్కితే పిండి, మొదట నొక్కితే నరకయాతన, షాపులో ఏది అడుగుతున్నారో చూసుకోండి మరి. మామూలు పుస్తకాల్లో, బోర్డుల మీద ఈ గీత ఉండదు, అందుకే నోరు తిరిగేదాకా గీతలున్నవే చదవాలి. (సోవియట్ రోజుల్లో మాస్కో నుంచి తెలుగు పుస్తకాలు వేసిన "రాదుగ" గుర్తుందా? నొక్కు మొదటి అచ్చు మీదే, చివరిది తేలిపోతుంది. మనవాళ్లు ఆ పేరును ఎంత చక్కగా రాశారో!)

బుక్వార్‌తో ఇబ్బందులు లేకపోలేదు. వివరణలన్నీ రష్యన్‌లోనే కాబట్టి మొదట్లో పక్కన ఒకరుండాలి. పైగా అచ్చు అక్షరాలు వచ్చాయి కదా అని చేతిరాత చదవగలమనుకోవద్దు. చేతిరాతలో త ఇంగ్లీష్ చిన్న ఎం లా, ద జి లా, ప ఎన్ లా మారిపోతాయి. డాక్టర్లు రాసిన కేస్ షీట్‌లో కొన్ని మాటలైతే వరసగా కొక్కేలే కనిపిస్తాయి. దీనికి ప్రోపిసి అనే కాపీ పుస్తకాలు వేరే దొరుకుతాయి, బుక్వార్‌తో పాటే కొనేయండి.

కజాన్ వచ్చేవాళ్లకు ఇంకో మాట. ఇక్కడ బోర్డుల మీద తాతార్ భాష కూడా ఉంటుంది, అదీ ఇదే లిపి, కాకపోతే 6 అక్షరాలు ఎక్కువ. బుక్వార్‌లో లేని అక్షరం కనిపిస్తే టెన్షన్ పడకుండా రెండో లైను చూడండి.