ఆదివారం టీపాట్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

బర్మింగ్‌హామ్‌కు వచ్చిన కొత్తలో పాత వస్తువుల సంతలో ఈ వెండి టీపాట్ కొన్నాను. అడుగున ఉన్న ముద్రలు చదివాకే డబ్బు తీశాను. నడిచే సింహం అంటే 92.5 శాతం వెండి. కిరీటం పెట్టిన చిరుత తల లండన్‌ది. ఏడాదిని చెప్పే చిన్న అక్షరాన్ని బట్టి 1789-90 నాటిది. రాజు తల ముద్ర, సుంకం కట్టారనడానికి గుర్తు. 1784లో తేయాకు మీద సుంకాన్ని 119 శాతం నుంచి 12.5కు దించిన ప్రభుత్వమే అదే ఏడు వెండి సామాను మీద సుంకం వేసింది. ఏలేవాళ్ల లెక్కలు ఎక్కడైనా అంతే! హెస్టర్ బేట్‌మన్ వంటి పేరున్న ఆనాటి వెండి పనివారి ముద్ర ఉంటే నా జేబు తట్టుకునేది కాదు.

పలుచని రేకును కోలగా వంచి, అతుకును పిడి వైపు దాచారు. వేలితో తడిమినా దొరకడం కష్టం. ఒంటి చుట్టూ సన్నని లతల చెక్కుడు ఉంది. ఉలి మొనకు మెరుగుపెట్టి ఏటవాలుగా గీయడం వల్ల ఒక్కో గాటు వెలుతురు పడగానే తళుక్కుమంటుంది. వెండి ఇట్టే వేడెక్కుతుంది కాబట్టి పిడి, మూత మీది గుబ్బ చెక్కతో చేశారు. నిండుగా పోసినా చెయ్యి కాలదు. ధార తెగినప్పుడు చుక్క కిందికి జారదు. ఇప్పటి పింగాణీ పాత్రలు నాకు ఈ సుఖం ఇవ్వలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. మూడు కప్పులకు మించి పట్టదు. మన పాలటీ దీనిలో మరిగించలేం, పొయ్యి మీద పెడితే అతుకులు ఊడతాయి. నీళ్లలో నానబెట్టి ఒకసారి పిడి వదులు చేసుకున్నాను, మేకు బిగించడానికి పనివాడిని వెతకాల్సి వచ్చింది. అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు, ఇంట్లో వెండి కంచాలు తోమినట్టే విభూతితో గట్టిగా తోమింది. ఒకవైపు లతలు కాస్త మసకబారాయి. తప్పు నాదే, ముందే చెప్పవలసింది. నల్లబడుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. వారం వారం వాడి, వేడినీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో తుడిస్తే ఏడాదికి ఒక్కసారి పాలిష్ చాలు.

అసలు లోటు అడుగుది. చదునుగా ఉండే ఇలాంటి పాత్రలకు బల్ల కాలకుండా కింద నాలుగు కాళ్ల పళ్లెం ఇచ్చేవారు. నా దానికి అది లేదు, మొదటి వారమే భోజనాల బల్ల మీద తెల్లని కోల మచ్చ పడింది. విడిగా అమ్మే పళ్లేలు మూడు చూశాను, ఒక్కటీ కొలతకు సరిపోలేదు. ప్రస్తుతానికి కింద గచ్చు పలక పెడుతున్నాను.